హైలురోనిక్ సీరం రాసిన అరగంటకే బుగ్గలు బిగుసుకుపోతున్నాయి, తేడా ఎక్కడ కొడుతోంది?

పొడిబుగ్గలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వాడుతున్నవన్నీ గాఢతలతో సహా రాస్తున్నాను, తప్పెక్కడుందో చెప్పండి.

పొద్దున: నురగ బాగా వచ్చే ఫేస్‌వాష్, ముఖం తుడుచుకుని పూర్తిగా ఆరాక 2 శాతం హైలురోనిక్ యాసిడ్ సీరం ఐదారు చుక్కలు, దాని మీద సన్‌స్క్రీన్.

రాత్రి: అదే ఫేస్‌వాష్, 7 శాతం గ్లైకోలిక్ టోనర్, 10 శాతం నియాసినమైడ్, 0.5 శాతం రెటినాల్, ఆఖర్న మళ్లీ హైలురోనిక్. నుదురు ఎలాగూ జిడ్డుగానే ఉంటుంది కదా అని మాయిశ్చరైజర్ పెట్టలేదు. ఇలా ఐదు వారాలు.

ఇప్పుడు సీరం రాసిన అరగంటకు బుగ్గలు లాగినట్టు ఉంటున్నాయి. ముక్కు పక్కన, పెదవుల కొసల్లో పొట్టు లేస్తోంది. నియాసినమైడ్ తగలగానే చురచుర. ఇంత పొడిలోనూ మధ్యాహ్నానికి నుదుటి మీద జిడ్డు. పైగా సన్‌స్క్రీన్ రుద్దుతుంటే రబ్బరుతో చెరిపినప్పుడు రాలే పొట్టులాంటిది వస్తోంది.

హైలురోనిక్ చర్మంలోని నీటిని లాగేస్తుందంటారు, నిజమేనా? గ్లిజరిన్ దానికంటే నాసిరకమా? చర్మానికి మళ్లీ యవ్వనం తెస్తాయనే కొలాజెన్ క్రీములు, పెప్టైడ్లలో నిజంగా పనిచేసేవి ఏవి?

---

ఎమల్షన్‌బల్ల

చర్మం పైపొర ఎలా కట్టి ఉంటుందో ముందు చూస్తే మీ ప్రశ్నల్లో సగం అక్కడే తేలిపోతాయి. చదునైన మృతకణాలు 15–20 వరసలుగా పేర్చి ఉంటాయి. అంతా కలిపినా మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం. కణాలు ఇటుకలైతే మధ్యలో సున్నంలా నింపి ఉన్నది కొవ్వు: బరువులో దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఫ్యాటీ యాసిడ్లు. ఇటుకల లోపల నీటిని పట్టి ఉంచే చిన్న చిన్న పదార్థాలుంటాయి. అమినో ఆమ్లాలు, పీసీఏ లవణాలు, లాక్టేట్, యూరియా. ఈ పొరలో నీరు 10 శాతం కంటే తగ్గితే అది పెళుసుబారి పొట్టుగా లేస్తుంది.

కాబట్టి తేమకు సంబంధించిన పనులు మూడు: నీటిని పట్టడం, ఇటుకల మధ్య సందు పూడ్చడం, పైన మూత వేయడం. గ్లిజరిన్, హైలురోనిక్, యూరియా, పాంథెనాల్ మొదటి పని చేస్తాయి. సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు రెండోది. పెట్రోలియం జెల్లీ, డైమెథికోన్, లానోలిన్ మూడోది. మీ వరసలో మొదటిదే ఉంది, రెండోది, మూడోది లేవు. పైగా ఫేస్‌వాషూ, గ్లైకోలిక్కూ, రెటినాలూ మూడూ కలిసి ఉన్న సున్నాన్ని గోకేస్తున్నాయి.

ఇక హైలురోనిక్ సంగతి. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని గాజులాంటి ద్రవం నుంచి దీన్ని వేరుచేశారు. ఇదొక పొడవాటి చక్కెర గొలుసు. బరువుకు వెయ్యి రెట్లు నీరు పట్టుకుంటుందన్న మాట ప్రతి డబ్బా మీదా కనిపిస్తుంది. 0.1 శాతం ద్రావణం కలిపితే అందులో పొడికి వెయ్యి రెట్లు నీరు ఉన్న మాట నిజమే, కానీ ఉన్న నీరంతా అది పట్టుకున్న నీరు కాదు. గాలి పొడిగా ఉన్న గదిలో ఆ నీరు మామూలు నీటిలాగే ఆవిరైపోతుంది.

ఒక గాజు పలక మీద మీ సీరం రెండు చుక్కలు పలచగా పరచి గంటసేపు వదిలేయండి. నీరంతా పోయి పారదర్శకమైన పొర ఒకటి మిగులుతుంది. అంచున గోటితో గీకితే సన్నటి తెరలా లేచి వస్తుంది. అలాంటి పొరే బుగ్గ మీద ఆరుతూ ముడుచుకుంటుంది, మీకు తెలిసే బిగుతులో చాలా భాగం అదే. నీటిని లాగేయడం అనేది రెండో కారణం: బయటి గాలి బాగా పొడిగా ఉండి పైన మూత లేకపోతే, పైన రాసినది ఆరేకొద్దీ కిందినుంచి వచ్చే నీరు కూడా దాని వెంటే పోతుంది. అది హైలురోనిక్‌కే కాదు, ఒంటరిగా రాసిన గ్లిజరిన్‌కూ వర్తిస్తుంది. మూత వేస్తే ఈ గొడవ ఉండదు.

గ్లిజరిన్ నాసిరకం కానే కాదు. నన్నడిగితే పొడి చర్మానికి ఒక్క పదార్థమే ఎంచుకోమంటే అదే. దాని అణుభారం 92 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం), అంటే పైపొర లోపలికి దిగి ఇటుకల్లో కూర్చోగలిగేంత చిన్నది. పెద్ద హైలురోనిక్ గొలుసు పది లక్షల డాల్టన్లు దాటుతుంది, అది పైనే ఉంటుంది. క్రీములో గ్లిజరిన్ 5 నుంచి 10 శాతం ఉంటే చాలు, బాగా పొడి చర్మానికి 15–20 దాకా పోవచ్చు, ఆపైన జిగట భరించలేం. సీసాలోని గ్లిజరిన్‌ను నీళ్లు కలపకుండా నేరుగా ముఖానికి రాయొద్దు. అంత చిక్కగా ఉంటే అది ఇచ్చేదానికంటే లాక్కునేదే ఎక్కువ.

యూరియా కూడా బంగారం లాంటిది, కాకపోతే గాఢతను బట్టి దాని పని మారిపోతుంది. 10 శాతం దాకా తేమ పడుతుంది, 20 దాటితే మందపాటి చర్మాన్ని మెత్తబరిచి ఊడదీస్తుంది, 40 శాతం పగిలిన మడమలకు, దళసరి గోళ్లకు. ముఖానికి 5 మించొద్దు. మీకు ఇప్పుడు అదీ వద్దు, పొట్టు లేచిన చోట యూరియా మండుతుంది.

మీ 2 శాతం మీద ఇంకో అనుమానం. పెద్ద గొలుసు హైలురోనిక్ 1 శాతం కలిపితేనే చిక్కటి జెల్ అవుతుంది. నిజంగా 2 శాతమైతే డ్రాపర్‌లోంచి చుక్కలుగా రాలదు. నీళ్లలా రాలుతోందంటే గొలుసులు చిన్నవై ఉండాలి, లేదా ముందే 1 శాతంగా కలిపిన ద్రావణాన్ని 2 శాతం వేసి ఉండాలి. రెండోదైతే అసలు పొడి 0.02 శాతమే.

---

లేబుల్‌చూపు

డబ్బా వెనక జాబితా చదివే పద్ధతి ఒకటి చెబుతాను. 1 శాతం కంటే ఎక్కువ ఉన్నవి ఎక్కువ నుంచి తక్కువకు వరసలో రాయాలి. 1 శాతం లోపువి మాత్రం ఏ వరసలోనైనా పెట్టుకోవచ్చు. ఆ గీత ఎక్కడుందో జాబితాలో రాసి ఉండదు, కానీ ఫినాక్సీఇథనాల్ కనిపిస్తే పట్టుకోవచ్చు. అది చెడిపోకుండా వేసేది, ఐరోపా నిబంధనల్లో దాని గరిష్ఠం 1 శాతం. దాని తర్వాత వచ్చేవన్నీ 1 శాతం లోపే అనుకోండి.

దీంతో సెరమైడ్ క్రీములు చూడండి. సెరమైడ్ ఎన్‌పీ, ఏపీ, ఈఓపీ అని మూడు పేర్లుంటాయి, దాదాపు ప్రతిసారీ శాంతాన్ గమ్, కార్బోమర్ పక్కనే, ఆఖర్లో. అంటే చాలా కొద్ది. అది చూసి మోసమనుకోకండి, సెరమైడ్ కొద్ది పాళ్లలోనే వేస్తారు. కానీ పక్కన కొలెస్ట్రాల్, ఒక ఫ్యాటీ యాసిడ్ కూడా ఉన్నాయో లేదో చూడండి. మూడూ కలిస్తేనే పైపొర త్వరగా కోలుకుంటుంది. ఒక్కటే రాస్తే కోలుకోవడం వెనకపడుతుందని పరిశోధనల్లో తేలింది. గ్లిజరిన్ మాత్రం నీటి తర్వాత రెండో, మూడో పేరుగా ఉండాలి.

కొలాజెన్ క్రీము గురించి రెండు ముక్కలు. కొలాజెన్ అణువు సుమారు 3 లక్షల డాల్టన్లు. చర్మంలోంచి దిగాలంటే 500 లోపు ఉండాలన్నది మోటు లెక్క. కాబట్టి అది చర్మంలో చేరి కొత్త కొలాజెన్ కాదు, పైన తేమ పట్టే పొరగా పనికొస్తుంది. ఆ పని గ్లిజరిన్ ఇంకా బాగా చేస్తుంది. పెప్టైడ్లు (అమినో ఆమ్లాల చిన్న గొలుసులు) కొన్నింటికి ఆధారాలున్నాయి కానీ రెటినాయిడ్ల (రెటినాల్, దాని కుటుంబంలోని మందులు) ముందు తీసికట్టు. డబ్బు, ఓపిక రెండూ మిగిలితే ఆఖర్న చూడాల్సినవి.

---

మెల్లగా_రెటినాల్

ఎమల్షన్‌బల్ల గారు చెప్పినదానికి కలిపి, పనులు ఇవీ.

గ్లైకోలిక్, రెటినాల్, నియాసినమైడ్ మూడూ ఈ రాత్రి నుంచే ఆపేయండి. తగ్గించడం కాదు, ఆపడం. కనీసం రెండు వారాలు, పొట్టు ఇంకా ఉంటే నాలుగు. ఈ రోజుల్లో పొద్దున గోరువెచ్చని నీళ్లతో కడిగితే చాలు. రాత్రి నురగ తక్కువొచ్చే, పీహెచ్ 5–6 మధ్య ఉండే క్లెన్సర్ అర నిమిషం. చర్మం పైభాగం పీహెచ్ 4.5 నుంచి 5.5, మామూలు సబ్బు 9–10. కడిగిన ప్రతిసారీ ఆ తేడా నుంచి చర్మం తేరుకోవాలి.

కడిగాక తువ్వాలుతో అద్దండి, రుద్దొద్దు. ముఖం ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు హైలురోనిక్ రెండు చుక్కలు, అది ఆరకముందే మాయిశ్చరైజర్. దాని కొలత: చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండిన క్రీము సుమారు అర గ్రాము. ముఖానికి, మెడకు కలిపి అలాంటివి రెండున్నర. చాలామంది ఇందులో మూడో వంతు కూడా రాయరు, రాసి క్రీము పనిచేయలేదంటారు. పొట్టు లేచిన చోట్ల మాత్రం రాత్రి పైన పెట్రోలియం జెల్లీ గోరంత, వేళ్ల మధ్య వేడిచేసి అద్దండి. నీరు ఆవిరైపోవడాన్ని అది 98 శాతం దాకా ఆపగలదు, నూనెలు అందులో మూడో వంతు కూడా ఆపలేవు. నుదుటికి అక్కర్లేదు.

నుదుటి జిడ్డు చూసి మాయిశ్చరైజర్ మానేశారు కదా, అక్కడే పొరపాటు. జిడ్డు తైలగ్రంథుల నుంచి వచ్చేది, తేమ పైపొరలో ఉండే నీరు. రెండూ వేర్వేరు లెక్కలు, జిడ్డు చర్మం కూడా లోపల ఎండిపోయి ఉండగలదు.

ఆపిన వాటిని తిరిగి తెచ్చే వరస: మొదట నియాసినమైడ్, కానీ 10 కాదు, 4–5 శాతం. అది చర్మం సొంతంగా సెరమైడ్లు తయారుచేసుకునేలా ప్రోత్సహిస్తుంది. 5 శాతంతో 12 వారాల్లో సన్నని గీతలు, మచ్చలు తగ్గినట్టు పరీక్షల్లో చూశారు. గాఢత రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు, చురచుర మాత్రం పెరుగుతుంది.

పది రోజులు అది కుదిరాక రెటినాల్. 0.5 కాదు, 0.1 నుంచి 0.3 శాతం. మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులు, తర్వాత రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి, పొట్టు లేకపోతేనే ఆ పైన. మొత్తం ముఖానికి శనగగింజంత, అయిదు చోట్ల చుక్కలు పెట్టి పరచాలి. ముక్కు పక్కలు, పెదవుల కొసలు, కంటి మూలలు వదిలేయండి, లేదా ముందే అక్కడ జెల్లీ అద్దండి. రాసేటప్పుడు వేలికి అంటినది మడతల్లోకి చేరి అక్కడే పేరుకుంటుంది, మీకు పొట్టు సరిగ్గా ఆ చోట్లలోనే లేవడానికి అదే కారణం.

చర్మం లోపల రెటినాల్ మొదట రెటినాల్డిహైడ్‌గా, తర్వాత రెటినాయిక్ యాసిడ్‌గా మారాలి, అప్పుడే పని. అందుకే డాక్టరు రాసే ట్రెటినాయిన్ కంటే మెల్లగా ఉంటుంది. ట్రెటినాయిన్‌కే సన్నని గీతల్లో తేడా కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవారు ఏ రెటినాయిడూ వాడకూడదు.

---

పొడిబుగ్గలు

చాలా థాంక్స్ అండి. మూడు సందేహాలు. రెటినాల్ కూడా చెమ్మగా ఉన్న ముఖం మీదే రాయాలా? మధ్యమధ్యలో నీళ్ల స్ప్రే కొట్టుకుంటే తేమ నిలుస్తుందా? నూనె రాస్తే చాలదా?

---

మెల్లగా_రెటినాల్

రెటినాల్‌కు మాత్రం వద్దండి, అది పూర్తిగా ఆరిన ముఖం మీదే. నీరు చేరిన పైపొర ఉబ్బి దారి ఇస్తుంది, ఎక్కువ మందు దిగి మంట పెరుగుతుంది. కడిగి 15–20 నిమిషాలు ఆగండి. సున్నితమైన చర్మానికి ముందు పలచగా మాయిశ్చరైజర్, అది ఇంకాక రెటినాల్, మళ్లీ మాయిశ్చరైజర్. బలం కొంత తగ్గుతుంది, మంట అంతకంటే బాగా తగ్గుతుంది, వదిలేయకుండా ఏడాది కొనసాగించగలుగుతారు. రెటినాల్‌కు కావలసింది ఆ ఏడాదే.

---

ఎమల్షన్‌బల్ల

స్ప్రే నీరు ముఖం మీద నిమిషంలో ఆరిపోతుంది, కొట్టి వెంటనే క్రీము రాస్తే తప్ప ప్రయోజనం లేదు. ఇంట్లో కలిపిన స్ప్రే అసలు వద్దు. నీళ్లలో హైలురోనిక్ పొడో గ్లిజరినో వేసి, చెడిపోకుండా ఆపే పదార్థం వేయకుండా నిలవ ఉంచితే కొద్ది రోజుల్లోనే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. కంటికి తేటగానే కనిపిస్తుంది, వాసన కూడా రాకపోవచ్చు. పైపొర చితికి ఉన్న ముఖం మీద అది పోస్తే పుండు మీద పోసినట్టే.

నూనెలో నీరు లేదు గనుక అది తేమ ఇవ్వదు, ఉన్నదాన్ని కాస్త కాపాడుతుంది. పైగా అన్ని నూనెలూ ఒకటి కావు. ఓలియిక్ యాసిడ్ ఎక్కువున్న ఆలివ్ నూనె పైపొర కొవ్వుల అమరికను సడలిస్తుంది, లినోలియిక్ ఎక్కువున్న పొద్దుతిరుగుడు నూనె అంత హాని చేయదు. మీ విషయంలో స్క్వాలేన్ మేలు: జిడ్డు తక్కువ, త్వరగా పాడవదు, క్రీము మీద రెండు మూడు చుక్కలు.

సన్‌స్క్రీన్ కింద రబ్బరు పొట్టులా రాలడం కూడా అదే సీరం పొర. ఆరు చుక్కలు వేస్తే ముఖం మీద మందపాటి పొర నిలుస్తుంది, సిలికోన్ ఉన్న సన్‌స్క్రీన్‌తో రుద్దగానే అది చుట్టలు చుట్టుకుని లేస్తుంది. సీరం రెండు చుక్కలకు తగ్గించి, మాయిశ్చరైజర్ ఐదు పది నిమిషాలు కుదిరాక సన్‌స్క్రీన్‌ను రుద్దకుండా అద్దుతూ పరచండి.

---

నీడపట్టు

యవ్వనం గురించి అడిగి ఇంతసేపైనా సన్‌స్క్రీన్ ఇంకా పక్కనే ఉండిపోయింది. ముఖం మీద గీతలకు, మచ్చలకు ఎండే పెద్ద కారణం. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో ఈ విషయం కొలిచి చూశారు, 2013లో ఫలితం వెలువడింది: రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్లలో, ఇష్టమొచ్చినప్పుడు రాసినవాళ్లకంటే నాలుగున్నరేళ్లలో చర్మం ముదరడం 24 శాతం తక్కువ.

డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్ రావాలంటే చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాయాలి. ముఖానికి, మెడకు చూపుడు వేలు, మధ్య వేలు నిండా పొడవునా రెండు గీతలు పిండితే సరిపోతుంది. ఒక్కసారే పరిస్తే తెల్లగా నిలుస్తుంది, ఒక్కో వేలిది ఒక్కోసారి రాయండి. ఎస్‌పీఎఫ్ 30 దాదాపు 97 శాతం యూవీబీని (చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాలు) ఆపుతుంది, 50 అయితే 98. కాబట్టి 50 కొని సగం రాయడం కంటే 30 కొని పూర్తిగా రాయడం ఎంతో మేలు. యూవీఏ (ఇంకా లోతుకు దిగే అతినీలలోహిత కిరణాలు) రక్షణ గుర్తు కూడా ఉండాలి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ.

విటమిన్ సి పొద్దున పూటకు మంచి తోడు, కానీ మీ పొట్టు పూర్తిగా తగ్గాకే. అసలైన రూపం ఎల్‌-ఆస్కార్బిక్ యాసిడ్. అది చర్మంలోకి దిగాలంటే పీహెచ్ 3.5 లోపు ఉండాలి, గాఢత 10–20 శాతం, 20 దాటితే లాభం లేదు. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ, 0.5 శాతం ఫెరులిక్ యాసిడ్ కలిపిన వంటకాన్ని 2005లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించారు. మూడూ కలిస్తే సి నిలకడా పెరిగింది, ఎండ నుంచి కాపాడే శక్తీ పెరిగింది. సీసా తెరిచినప్పుడు లేత గడ్డిరంగులో ఉంటుంది. అది ముదురు నారింజ, గోధుమ రంగుకు తిరిగితే పారేయడమే. మూత గట్టిగా బిగించి, చీకటిగా చల్లగా ఉండే చోట పెట్టండి. మండితే సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ లాంటి రూపాలున్నాయి, బలం తక్కువ, చురచుర కూడా తక్కువ.

నియాసినమైడ్, విటమిన్ సి కలిపి వాడకూడదన్న భయం అక్కర్లేదు. నియాసినమైడ్ విరిగి మంటపుట్టించే నియాసిన్‌గా మారాలంటే బాగా వేడి, చాలా సమయం కావాలి. ముఖం మీద కొన్ని నిమిషాల్లో అలా జరగదు.

---

పొడిబుగ్గలు

అర్థమైంది. పైపొర కోలుకుందని ఎలా తెలుస్తుంది? గ్లైకోలిక్ మళ్లీ ఎప్పుడు?

---

మెల్లగా_రెటినాల్

మూడు పరీక్షలు. క్లెన్సర్‌తో కడిగి ఏమీ రాయకుండా అరగంట ఉండండి, బిగుతు రాకూడదు. సాదా మాయిశ్చరైజర్ ముక్కు పక్కల పెట్టండి, చురుక్కుమనకూడదు. కిటికీ పక్కన అడ్డంగా వెలుతురు పడేలా నిలబడి, బుగ్గను వేలితో కొద్దిగా పైకి నెట్టండి. నీరు తగ్గిన చర్మం మీద ముడతలు పడ్డ పలచటి కాగితంలా సన్నని గీతల గుంపు లేస్తుంది. అది కనిపించకూడదు. మూడూ వరసగా వారం రోజులు కుదిరితే ముందుకు పోవచ్చు.

గ్లైకోలిక్ తొందరేం లేదు, రెటినాల్ కుదిరాక చూడండి. తిరిగి మొదలుపెడితే 5 శాతం లాక్టిక్ యాసిడ్‌తో వారానికి ఒక్క రాత్రి, అదీ రెటినాల్ లేని రాత్రి. లాక్టిక్ అణువు గ్లైకోలిక్ కంటే పెద్దది గనుక కాస్త మెల్లగా దిగుతుంది, దాని లవణం చర్మంలో సహజంగానే ఉండి తేమ పడుతుంది కూడా. ఈ ఆమ్లాలు వాడే రోజుల్లో చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది, మర్నాడు సన్‌స్క్రీన్ తప్పనిసరి.

కొత్తగా తెచ్చే ప్రతిదాన్నీ ముందు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి. ఒకటి కుదిరాకే ఇంకొకటి. రెండు వారాలు అన్నీ ఆపినా ఎర్రదనం తగ్గకపోయినా, పొట్టు కింద రసి కారినా, కనురెప్పలు వాచినా అది క్రీములతో తేలే విషయం కాదు, చర్మ వైద్యులకు చూపించండి. వెళ్లేటప్పుడు వాడిన సీసాలన్నీ తీసుకెళ్లండి, జాబితా చూస్తే వాళ్లకు సగం పని అయిపోతుంది.